రౌటరుకు పేరు పెట్టినవాడు

మా క్రొయేషియావాడు పోయాడని కబురు అందినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఈర్ష్య. మధ్యాహ్నం కాఫీ తాగి, కుర్చీలో కునుకు తీసి, ఆ కునుకులోంచే వెళ్లిపోయాడట. ఆస్పత్రి లేదు, మంచం పట్టడం లేదు, జీపీ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం పొద్దున్నే ఫోన్లో క్యూ కట్టడం లేదు. ఇంత మంచి చావు కూడా వాడికే దక్కాలా అనుకున్నాను. ఆ తర్వాతే కళ్లు తుడుచుకున్నాను.

బతికున్నంతకాలం మనసులో ఆయన్ని 'వాడు' అనే అనుకున్నాను. పోయినవాళ్లను 'ఆయన' అనాలి గనక ఇకనుంచి అలాగే రాస్తాను. మధ్యలో ఎక్కడైనా తప్పితే సర్దుకోండి.

ఇంగ్లండులో, స్విండన్‌లో ఒకే ఆఫీసులో, ఎదురెదురు బల్లల దగ్గర, ఆయనా నేనూ ముప్ఫై ఏళ్లు పనిచేశాం. ముప్ఫై కాదు లెండి, పదేళ్లు. ఈర్ష్య పడుతూ గడిపిన ఏడాది మూడేళ్లకు సమానం. రకరకాల కంపెనీల నెట్‌వర్కులు ఆగిపోకుండా చూడటం మా ఉద్యోగం. ఇప్పుడు అందరిళ్లలోనూ ఓ మూలన రౌటరు మినుకుమినుకుమంటూ ఉంటుందే, దానికి పెద్దన్నల్లాంటి పెట్టెలు మా దగ్గర వరసగా ఉండేవి. అవి అలిగితే బతిమాలి లేపేవాళ్లం.

మనిషి ఏడడుగుల పొడుగు. సరే, ఆరుంపావు. గుమ్మం దగ్గర తల వంచడం మాత్రం నిజం. కోటు జేబులో ఎప్పుడూ ఎండు అంజీర పళ్లు, వాళ్ల దీవి నుంచి వచ్చేవి. ఆఫీసు టీ ముట్టేవాడు కాదు. పొడుగాటి పిడి ఉన్న చిన్న రాగి గిన్నె తెచ్చుకుని అందులో కాఫీ కాచుకునేవాడు. పొద్దున్నే మెషీన్ల గదిలోకి వెళ్లి, పాడిరైతు కొట్టంలోకి వెళ్లినట్టు, ఒక్కో పెట్టెనూ తట్టి వాళ్ల భాషలో పలకరించేవాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు. అదే పని నేను చేసివుంటే హెచ్ఆర్‌కి చెప్పేవాళ్లు.

కానీ నా కడుపు మండింది అంజీర పళ్లకూ కాదు, రాగి గిన్నెకూ కాదు. ఆయన దగ్గర మాటలుండేవి.

ఇంగ్లీషులోంచి వచ్చిపడే ప్రతి కంప్యూటరు మాటకూ తమ భాషలో ఒక మాట ఉండి తీరాలని పట్టుబట్టే పెద్దలు కొందరు వాళ్ల దేశంలో ఉన్నారు. వాళ్లకొక సంఘం. ఈయన అందులో సభ్యుడు. రౌటరు వాళ్లకు రౌటరు కాదు, ఉస్మ్యేర్నిక్. దిక్కు చూపేది అని అర్థం. దొంగలు చొరబడకుండా కాపుకాసే ఫైర్‌వాల్ వాత్రోజిద్, అంటే నిప్పుగోడ. సర్వరు పొస్లుజితెల్, అంటే వడ్డించేవాడు. తీగలన్నీ వచ్చి కలుసుకునే హబ్ అనే డబ్బా ఒకటుంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం నక్షత్రాలుండే చోటు. ముక్కూ మొహం లేని ప్లాస్టిక్ డబ్బాకి! అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

పైన పేరులో 'రౌటరుకు పేరు పెట్టినవాడు' అని రాశాను కదా, అది నా కోత. ఆ మాట ఎవరు పుట్టించారో ఆయనకే తెలీదు. దాని తరఫున పోట్లాడిన గుంపులో ఆయనొకడు, అంతే. కానీ ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేనే ఆయన్ని అలా పరిచయం చేసేవాణ్ణి. ఎందుకంటారా? ఈర్ష్య పడితే గొప్పవాడి మీద పడాలి. చిన్నవాడి మీద పడితే మనకే నామోషీ.

ఆయన మాటను పరీక్షించే తీరు చూడాలి. కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో మోగించి చూస్తారే, అలా బల్ల మీద కొడుతూ కొత్త మాటను ఒకసారి మామూలుగా, ఒకసారి గుసగుసగా, ఒకసారి తిట్టినట్టూ అనేవాడు.

"కోపంలో నోటికి రాని మాట పనికిరాదు" అనేవాడు. "బాగున్నప్పుడు ఎవడైనా ఎంత పెద్ద మాటైనా అంటాడు."

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషు. తెలుగులో రాస్తున్నది నేను. కనక ఆయన మాటలు ఎక్కడన్నా మరీ బాగుంటే అందులో సగం పుణ్యం నాది.

వాళ్ల సంఘానికి ఒక వింత పద్ధతి ఉండేది. ఎవరైనా కొత్త మాట తెస్తే దానికో ప్రత్యర్థిని నియమిస్తారు. ఆ మనిషి పని ఆ మాటను ద్వేషించడం. ఊరికే కూర్చుని ద్వేషిస్తే కుదరదు. లేచింది మొదలు ఆఫీసులో, ఇంట్లో, ఫోన్లో ఆ మాటే వాడుతూ, ఎక్కడ నోరు తిరగలేదో, ఎక్కడ జనం నవ్వారో, అన్నీ సంఘానికి విన్నవించాలి. అన్నిటికీ తట్టుకుని నిలిస్తేనే అది మాట.

"మా దగ్గర కొత్త కోడలికి ఇలాంటి ఏర్పాటు ఉంది. అత్తగారు అంటాం" అన్నాను.

ఆయన కాఫీ ఒలికేలా నవ్వి, ఆ మాట నేర్చుకున్నాడు. తర్వాత ఎప్పుడైనా సంఘం వాళ్లతో వీడియోలో వాదులాడి వచ్చి కుర్చీలో కూలబడితే, "అత్తగారు" అని ఒక్క మాట అనేవాడు. నాకు అర్థమయ్యేది.

ఒకసారి వాళ్ల దేశపు పత్రికలో సంఘం మీద కార్టూను వచ్చింది. రౌటరుకు పాదిరీ నీళ్లు చల్లి పేరు పెడుతున్నట్టు బొమ్మ. పాదిరీ అచ్చంగా ఈయనే, అదే ముక్కు. దాన్ని తెచ్చి బల్ల ముందు అంటించుకున్నాడు.

"వెక్కిరించారు కదయ్యా, దాన్ని పటం కట్టుకుంటావా?" అన్నాను.

"వెక్కిరించారంటే విన్నారనే కదా" అన్నాడు, పండు నములుతూ.

ఆ బొమ్మ నా కళ్ల ముందే ఏళ్ల తరబడి వేలాడింది. ఎవరైనా సరే, నా మాటను కూడా కాస్త వెక్కిరించకూడదా అని నేను దేవుణ్ణి కోరుకున్నానంటే నమ్ముతారా?

ఎందుకంటే నేనూ తక్కువ తినలేదు. ఆయన్ని చూసి వాతలు పెట్టుకున్నాను. రౌటరు 'మార్గనిర్దేశిని'. ఫైర్‌వాల్ 'అగ్నికుడ్యం'. వందల మాటలు పుట్టించాను. ఒక యాభై. సరిగ్గా చెప్పాలంటే ముప్ఫై లోపే, కానీ ఒక్కోటీ రెండు మాటలంత పొడుగు. వాటిలో ఒక్కటైనా ఎవరో ఒకరి నోట్లో పడితే చాలు, నేను పుట్టినందుకు ఒక ఆనవాలు మిగులుతుందని నా ఆశ. నవ్వకండి. పిల్లలకు పేరు పెట్టే అవకాశం అందరికీ వస్తుంది. మాకు రాలేదు.

ముందు స్విండన్ తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టాను. రెండు దండాలు వచ్చాయి. మూడో జవాబు: "అంకుల్, గోంగూర ఫ్రెష్‌గా ఎక్కడ దొరుకుతుంది?" దాని కింద నలభై జవాబులు.

ఆ వారంలోనే ఆయన అడిగాడు, మీ భాషలో రౌటర్ని ఏమంటారని.

"మార్గనిర్దేశిని" అన్నాను.

"జనం వాడతారా?"

"వాడకపోవడమేమిటి! కూరగాయల బండివాడు కూడా అంటాడు."

"మరి మీకు కార్టూన్లు?"

"కార్టూన్లా? ఊరేగింపు చేశారు."

ఆయన ముఖం వాడిపోయింది. పండు జేబులో పెట్టేసుకుని చాలాసేపు కిటికీలోంచి కార్ పార్కు చూశాడు. ఈర్ష్య పడేవాడి ముఖం నాకు కొత్త కాదు, రోజూ అద్దంలో చూస్తున్నదే. అయినా ఎదుటివాడి మీద అది ఎంత బాగుంటుందో ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం మా ఆవిడ చేత రెండుసార్లు పెరుగన్నం వేయించుకున్నాను.

అబద్ధానికి కాళ్లుండవు గానీ ఆకలి ఉంటుంది. ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలవాల్సి వచ్చింది. మా పక్కవీధిలో ఉండే ప్రొద్దుటూరు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ వేళకే మా ఆవిడ దగ్గర ఆవకాయ కోసం వచ్చింది. మా ఆవిడ ఊరుకుంటుందా, ఆ అమ్మాయినీ కూర్చోబెట్టింది. నేను ఆ అమ్మాయి కుర్చీని ఆయనకు వీలైనంత దూరంగా జరిపాను.

"ఏవండీ, ఆయనకి ఇంకో గరిటె పప్పుచారు వెయ్యనా, అడగండి" అంది మా ఆవిడ. అడిగే లోపలే వేసేసింది.

"పొస్లుజితెల్!" అని ఆయన మా ఆవిడకు తలవంచి నమస్కరించాడు. సర్వరుకు వాళ్లు వాడే మాట అదేనని నేను విడమరిచి చెప్పాను. మా ఆవిడకు అది నచ్చింది. "మాకూ ఉందిగా సామెత. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదని. చెప్పండి ఆయనకి" అంది. చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి మా ఫ్లాట్‌లో రెండడుగులు అటూ ఇటూ నడిచి, "నెట్‌వర్కు గురించి ఇంతకంటే చెప్పడానికేముంది" అన్నాడు. నా మాటలు విని ఆయన ఏనాడూ లేచి నడవలేదు. మా ఆవిడ మీద కూడా ఈర్ష్య పడ్డాను, అది కూడా రాసుకోండి.

ఆ తర్వాత ఆయన ప్రొద్దుటూరు అమ్మాయి వైపు తిరిగి, ఎంతో గౌరవంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అడిగాడు. "మీ మార్గనిర్దేశిని బాగా పనిచేస్తోందా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. "ఏందంకుల్ అది? పెండ్లిపత్రికలో మాట మాదిరి ఉండాది."

"రౌటరమ్మా" అన్నాను, పప్పుచారు వైపు చూస్తూ.

"రౌటర్ని రౌటరంటాం గదా అంకుల్? ఇదెవురంటారు?"

"కూరగాయల బండివాళ్లు" అన్నాడు ఆయన ఇంగ్లీషులో, ఆ పిల్ల అడిగిందేమిటో ఊహించి, నాకు సాయంగా.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. మా ఆవిడకు సంగతి పూర్తిగా అర్థం కాకపోయినా, నేనేదో కోశానని మాత్రం తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ల కాపురం మరి. ఈ ముప్ఫై నిజమే.

ఆయన్ని కారు దాకా దిగబెట్టడానికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. వర్షం పడుతోంది, ఇద్దరం కారు పక్కనే నిలబడ్డాం.

"మా ఇంట్లోనూ రూటర్ అనే అంటారు. మా అమ్మాయి కూడా" అన్నాడు. "ఉస్మ్యేర్నిక్ అంటే, ఎవరు నాన్నా అది, మీ చుట్టమా అంటుంది."

నాకు ఓదార్పుగా ఉండాలి. లేదు. "నీకు కనీసం పోట్లాడేవాళ్లున్నారు. సంఘముంది, కార్టూనుంది" అన్నాను.

"నీ మాటలతో ఎవరు పోట్లాడారు?"

"ఎవరూ లేరు."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చావు ఇంటికి పరామర్శకు ఎవరూ రాలేదని విన్నప్పుడు మనం చూసే చూపు అది. "అయితే సోమవారం నుంచి నేనే నీకు అత్తగారిని" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. రోజుకో మాట తీసుకుని వాడటం మొదలుపెట్టాడు. సోమవారం అగ్నికుడ్యం. "కొంప తగలబడుతుంటే మీ ఊళ్లో ఎవరైనా ఇలా అరుస్తారా?" మంగళవారం మార్గనిర్దేశిని. "ఇది చెప్పే లోపల నెట్‌వర్కు చచ్చి, మళ్లీ పుట్టింది." మా మాంచెస్టర్ మేనేజరు కూడా 'అగ్ని' దాకా అనగలిగాడు. ఆ తర్వాత దగ్గాడు. నా భాషను నా ఎదురుగానే ఒక పరాయివాడు ఈకలు పీకుతున్నాడని నేను లోపల ఉడికిపోయాను. మాటకు అత్తగారు కావాలని కోరుకున్నవాణ్ణి నేనే. వచ్చాక, అత్తగారి బాధ ఏమిటో తెలిసింది.

ఆఖరుకు 'దత్తాంశ సంపుటి' దగ్గరకు వచ్చాం. నెట్‌వర్కు మనం పంపే బొమ్మనైనా గొంతునైనా చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. ఇంగ్లీషులో పాకెట్ అంటారు. దారిలో కొన్ని పడిపోతే బొమ్మ బిగుసుకుపోతుంది. ఆ పొట్లానికి నేను పెట్టిన పేరు అది. ఆ రోజు ఒక ఆస్పత్రి లైను ఆగిపోయి ఫోన్లు మోగుతున్నాయి. ఆయన తల అడ్డంగా ఊపుతూ, "దత్తాంశ... పోయింది. సంపుటి... అది కూడా పోయింది. ఇంకేదైనా చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అయితే మూట అననా? మూట జారింది అని బజార్లో కేకెయ్యనా?" అని తెలుగులో అరిచాను.

ఆయన బల్ల మీద కొడుతున్న వేలు ఆగింది. "మళ్లీ అను."

"అనను."

"అర్థమేమిటి?"

చెప్పాను. ఆయన నెమ్మదిగా అన్నాడు, గుసగుసగా అన్నాడు, తర్వాత ఆ ఆగిపోయిన లైను వైపు తిరిగి తిట్టినట్టు అన్నాడు. "మూట జారింది!"

"అది మాట కాదు" అన్నాను. "బట్టలు మోసేవాళ్లు, సంతకు వెళ్లేవాళ్లు అనేది. శాస్త్రంలో అలా రాయరు."

"మరి నువ్వెందుకన్నావు?"

"కోపంలో నోటికొచ్చింది."

ఆయన నా వైపే చూస్తూ కూర్చున్నాడు, పిల్లవాడు లెక్క తనంతట తనే తేల్చుకుంటాడని మాస్టారు ఎదురుచూసినట్టు. నేను తేల్చుకోలేదు. నా పెద్ద మాటలన్నిటినీ తోసేసి, బజారు మాటకు మురిసిపోయాడని అలిగాను. వారం పాటు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను గానీ మాటల గురించి మాట్లాడలేదు. కొత్త పేర్లు పెట్టడం మానేశాను. ఆయన రిటైరయ్యాడు, తర్వాత నేనూ. క్రిస్మస్‌కు ఆయన అంజీర పళ్లు పంపేవాడు, ఉగాదికి మా ఆవిడ ఆవకాయ పంపేది. నేను కార్డు మీద సంతకం పెట్టేవాణ్ణి.

మొన్న చర్చిలో ఆయన్ని సాగనంపి, పక్కనున్న హాల్లో అందరం టీ తాగుతున్నాం. దీవి నుంచి రాలేకపోయిన చుట్టాల కోసం బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టారు. అందులో నల్లబట్టల ముసలమ్మలు నలుగురు ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆయన కూతురు ఇక్కడే పెరిగింది, స్విండన్ యాస. ఏడుస్తూనే వాళ్లతో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోయింది. ఒక ముసలమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

కుర్చీ మీద మోకాళ్లూని చూస్తున్న ఆరేడేళ్ల మనవరాలు రెండు చేతులూ పైకెత్తి విసుగ్గా అరిచింది. "ఓహ్, మూట జారింది!"

నేను కప్పు బల్ల మీద పెట్టేసి ఆ పిల్ల దగ్గరకు వెళ్లాను.

"ఏమన్నావమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది, ముసలివాళ్లకు ఏమీ తెలియదన్నట్టు. "మూట జారింది. స్క్రీన్ ఆగిపోతే అలా అనాలి. ఇంటర్నెట్ చేతిలోంచి మూట కింద పడిపోయిందన్నమాట."

"ఏ భాష అది?"

"దీదా భాష." దీదా అంటే వాళ్ల దీవిలో తాత. "క్రొయేషియన్."

కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నాన్న ఎన్ని మాటలు తెచ్చాడో పాపం. ఒక్కటీ మేం వాడలేదు. ఇదొక్కటే మా ఇంట్లో బతికింది. వైఫై పోతే చాలు, అందరం అదే అంటాం."

ఆయన దొంగిలించలేదు, నాకు తెలుసు. తెల్లారి లేచింది మొదలు వాడుతూ ఉండి ఉంటాడు, అత్తగారి విధిగా. ఇంట్లో వినబడ్డ మాట ఇంటిదే అనుకుంటారు పిల్లలు. కానీ చూడండి, వాళ్ల భాషలో ఎన్నో మాటలకు పేరు మోసినవాడికి సొంత ఇంట్లో నిలిచింది ఒకే ఒక్కటి, అదీ నాది. నా మాటల్లో ఊపిరి పీల్చింది అదొక్కటే, అదీ వాడిదైపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియని చోట ఈర్ష్య మాత్రం ఎంత నిక్కచ్చిగా వస్తుందో! అది తెలుగమ్మా, నాదమ్మా అని గొంతు దాకా వచ్చింది. పక్కనున్న మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికో, చెప్పమనడానికో ఇప్పటికీ అడగలేదు.

పిల్ల నా ముఖంలోకి చూస్తూ అడిగింది. "మంచి మాట కదా? మా దీదాయే చేశాడు."

"అవునమ్మా" అన్నాను. "మీ దీదాయే చేశాడు. చాలా మంచి మాట. మీ స్నేహితులకు కూడా నేర్పు."

మొదటినుంచీ మీ దగ్గర కోసిన కోతలన్నీ వెంటవెంటనే ఒప్పేసుకుంటూ వచ్చాను. ఆ పిల్ల దగ్గర మాత్రం ఇది ఒప్పుకోను. మీరూ చెప్పకండి.